మా వాడి ముడిలో పోయాల్సిన బియ్యం

రాసుకో. ముందు మీ అన్న సంగతి రాయి. వాడికి తెలిస్తే ఏమంటాడోనని నన్ను అట్లా చూడకు, వాణ్ణి అడిగాకే నిన్ను కూర్చోబెట్టాను. "రాయించుకో అవ్వా, పేరు మాత్రం పెట్టబాకండి" అన్నాడు. అందుకని ఇందులో ఎవరి పేరూ ఉండదు. నా పేరూ వద్దులే. ఈ కథలో నా పేరు చెప్పుకునేంత గొప్ప పని నేనేం చేయలేదు.

మొన్న చలికాలం మాట ఇది. మీ అన్న ఇంటర్ మొదటి సంవత్సరం, కావలిలో కాలేజీ. మన పాలెంలో వాడి ఈడు పిల్లలంతా గుంపుగా పొద్దున్నే బస్సెక్కేవాళ్ళు. ఆ గుంపుకి పెద్ద ఎవరో నీకూ తెలుసు, మీ నాన్న పనికి పోయే బోటు ఓనరు కొడుకు. వాడు జుట్టుకి ఎర్రరంగు వేయించుకుంటే వారం తిరిగేసరికి అందరి జుట్టూ ఎర్రబడేది. వాడు బస్సులో వెనక సీట్లో కూర్చుంటే ముందు సీట్లు ఖాళీగా ఉన్నా అందరూ వెనకే ఇరుక్కునేవాళ్ళు. మీ అమ్మ రంగుకి ఒప్పుకోలేదని మీ అన్న చెవి పైన ఒక గీత గీయించుకొచ్చాడు, గుర్తుందా? "ఇదన్నా లేకపోతే నన్ను మనిషిలాగే చూడరమ్మా" అంటే మీ అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వాల్సిన మాట కాదది.

ఆ కార్తీకంలో ఓనరు కొడుకు అయ్యప్ప మాల వేసుకుంటానన్నాడు. అంతే, గుంపంతా నల్లబట్టలు కొనుక్కొచ్చారు. మీ అన్న ఒకరోజు నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

"అవ్వా, నేను కూడా మాల ఏసుకుంటా."

"ఎందుకురా ఉన్నట్టుండి?"

"అందరూ ఏసుకుంటుండారు. నేనొక్కణ్ణి కలర్ చొక్కా ఏసుకోని బస్సులో ఎట్టా పోయేది?"

"దేవుడి మీద భక్తితో ఏసుకుంటారు గానీ బస్సు కోసం ఏసుకుంటారంట్రా?"

"భక్తి కూడా వస్తాదిలే అవ్వా. ముందు ఏసుకోనీ."

నాకు ముచ్చటేసింది. చెడు పని కాదు కదా, కొండకు పోతానంటున్నాడు, ఎందుకు వద్దనాలి అనుకున్నాను.

మనది చేపల ఇల్లు. మాల వేసుకున్న పిల్లాడు ఉన్న ఇంట్లో నీచు ఉండకూడదు. నువ్వు అప్పుడు హాస్టల్లో ఉన్నావు, మా అవస్థ చూడలేదు. నా గంప, తూకం, కత్తి, అన్నీ వదిన వాళ్ళ చూరు కింద పెట్టాను. వదినంటే మనకు రెండిళ్ళ అవతల ఆమే, నాతో పాటు చేపలమ్మే ఆమె. వాళ్ళ మనవడూ ఆ గుంపులోనే మాల వేసుకున్నాడు కానీ, వాళ్ళ పిల్లాడు ఊళ్ళో స్వాములుండే సన్నిధానంలోనే పడుకుని అక్కడే తినేవాడు. మనవాడు ఇంటికొచ్చేవాడు. దానికని మీ అమ్మ గిన్నెలన్నీ చింతపండుతో తోమింది. గోడలకు సున్నం వేయించాం. మీ నాన్న వేట నుంచి వస్తే బయటే స్నానం చేసి, బట్టలు మార్చుకుని గడప తొక్కేవాడు. నేను కావలిలో చేపలమ్మి వచ్చి, సముద్రపు గాలి ఈడ్చి కొడుతుంటే, పెరట్లో చన్నీళ్ళు పోసుకునేదాన్ని. మోకాళ్ళు పట్టేసేవి. అయినా ఒక్కరోజు విసుక్కోలేదు.

పైగా మనవణ్ణి స్వామీ అనాలి, మీరు అనాలి. వాడు నన్ను మాతా అనాలి. మొదటిరోజు వాడొచ్చి "మాతా, మంచినీళ్ళు" అన్నాడు. "ఎవర్రా మాత, నేను మీ అవ్వని" అనబోయి నాలిక కరుచుకున్నాను. "ఇదిగోండి సామీ" అని చెంబు అందించాను. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ నవ్వు పోయింది. పొద్దున్నే చీకట్లో లేచి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, చెప్పుల్లేకుండా ఆ ఇసకలో నడిచిపోతుంటే నిజంగానే చేతులెత్తి మొక్కాలనిపించేది. మొక్కాను కూడా. వాడికి భక్తి వచ్చిందనే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే వచ్చిందనే చెప్పాలి. అదే కదా బాధంతా.

ఇక ఆ రోజు. కావలి మార్కెట్లో చేపలు తొందరగా అయిపోయాయి. వదిన ఇంకా అమ్ముతోంది. నేను ఖాళీ గంప చంకలో పెట్టుకుని ఆటోలు ఆగే చోటికి నడుస్తున్నాను. దారిలో నూడుల్స్ బండి ఉంది. దాని వెనక నీలం టార్పాలిన్ పట్ట కట్టి, లోపల నాలుగు బల్లలు వేసి ఉంటారు. పట్ట గాలికి లేచింది. లోపల నల్లబట్టలు కనపడ్డాయి.

స్వాములు ఇక్కడేం చేస్తున్నారబ్బా అని వంగి చూశాను. మన పిలకాయలే. పక్కన నిలబెట్టిన మోటార్ సైకిల్ అద్దానికి మాలలన్నీ తగిలించి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. పళ్ళేల్లో కోడి మాంసం వేసిన నూడుల్స్. అందరూ తింటున్నారు. మీ అన్న ఒక్కడే మాల మెడలోనే ఉంచుకుని, పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏం సామీ, అట్టా చూస్తుండావు? కాటేస్తదా అది?" అన్నాడు ఓనరు కొడుకు.

"కన్నెసామి గదరా, వాళ్ళవ్వ వచ్చి ముద్దలు పెట్టాలేమో!" ఆ మాటన్నది వదిన మనవడు. మొదటిసారి మాల వేసుకున్నవాణ్ణి కన్నెస్వామి అంటారు. ఆ మాటకొస్తే వాళ్ళందరూ కన్నెస్వాములే.

"నాకు వద్దురా. మీరు తినండి" అన్నాడు మనవాడు.

"మేం తింటావుంటే నువ్వు చూస్తా కూర్చుంటావా? రేపు గురుసామికి చెప్పేది నువ్వే."

"నేను చెప్పన్రా."

"చెప్పనోడివైతే తిను. తింటే నువ్వూ మాలో ఒకడివి. తినకపోతే లే, లేచి పో. రేపట్నించి బస్సులో కూడా మా పక్కన కూర్చోబాక."

మీ అన్న తల తిప్పి ఒకసారి పట్ట వైపు చూశాడు. నేను వెనక్కి జరిగాను. మళ్ళీ చూసేసరికి వాడు మాల తలమీదుగా తీస్తున్నాడు. మిగతావాళ్ళలాగా అద్దానికి తగిలించలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా మింగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఓనరు కొడుకు వీడి మెడ మీద చెయ్యేసి "అద్దీ సామి అంటే!" అన్నాడు. అప్పుడు మీ అన్న నవ్వాడు. ఆ నవ్వు చూడలేక తల తిప్పుకున్నాను. వాడు తింటున్నప్పుడు కూడా తిప్పుకోలేదు.

ఏమంటున్నావు? లోపలికి పోయి చెవి పట్టుకుని లాక్కురాలేదా అనా? అదే రాయిస్తున్నాను కదా. నోరు తెరిచాను. అంతలో ఓనరు కొడుకు మీద కళ్ళు పడ్డాయి. చేపల గంపతో నేను పోయి అరిస్తే మావాడికి నలుగురిలో తలవంపులు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. గంప ఇంకో చంకలోకి మార్చుకుని నడుచుకుంటూ వచ్చేశాను.

వదిన కూడా అమ్ముకుని వచ్చాక, ఆటోలో ఆమె పక్కన కూర్చుని ఆగలేక చెప్పేశాను. ఆటోలో మనవాళ్ళే ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, వాళ్ళ పిల్లలూ మాలలో ఉన్నారు. చెబితే అందరం కలిసి పోయి పిల్లల్ని మందలిస్తాం, మాలలు వేసిన గురుస్వామి కాళ్ళ మీద పడేయిస్తాం అనుకున్నాను.

వదిన నా తొడ గిల్లింది. "ఏమ్మే, నీకు మతి ఉందా? నోరు తెరవబాక."

"అది గాదు వదినా, మాల..."

"మాలా లేదు, ఏమీ లేదు. వయసు పిలకాయలు, నోరూరింది, తిన్నారు. బయటపడితే గురుసామి అందరి మాలలూ తీయించేస్తాడు. నీ మనవడొక్కడితో పోయే పనా ఇది?"

వెనక నుంచి ఒకామె అందుకుంది. "ఓనరు కొడుకు మాల తీయించినారంటే మనకు రేపు రేవులో అమ్ముకోడానికి చేప ఏస్తారా అక్కా? ఆలోచించు."

"అయినా నువ్వు చూసినావని ఎవురికి తెలుసు?" అంది ఇంకొకామె. "నీకు కళ్ళు మసకలు గదా!" అందరూ నవ్వారు.

నేనూ నవ్వాను. ఆ నవ్వు నవ్వుతుంటే నాకు ఆ బల్ల దగ్గర కూర్చున్న మీ అన్న నవ్వే గుర్తొచ్చింది. వయసెంత నాకు! అరవై దాటాయి. ఆటోలో నా పక్కన ఎవరూ కూర్చోరేమోనని భయపడ్డాను.

శనివారం మన ఇంట్లో భిక్ష. స్వాములందర్నీ పిలిచి భోజనం పెట్టాలి. అది ముందే ఒప్పుకున్నది. మీ అమ్మ పప్పు, సాంబారు, పాయసం వండింది. గుమ్మంలో స్వాముల కాళ్ళు కడగాలి, ఆ పని ఇంటి పెద్దగా నాదే. పసుపు నీళ్ళ బిందె పెట్టుకుని పీట మీద కూర్చున్నాను. గురుస్వామి వచ్చాడు, కడిగాను. ఓనరు కొడుకు వచ్చాడు, కాళ్ళు చాపి ఫోన్ చూసుకుంటున్నాడు, కడిగాను. వదిన మనవడు వచ్చాడు, "బాగా కడుగు మాతా, పుణ్యం" అన్నాడు. కడిగాను. మీ అన్న వంతు వచ్చింది. వాడు రెండు కాళ్ళూ వెనక్కి తీసుకున్నాడు.

"నాకు వద్దు."

"అట్టా అనగూడదు సామీ, రండి" అన్నాను.

"వద్దు మాతా. నేనే కడుక్కుంటా." చెంబు నా చేతిలోంచి లాక్కుని గబగబా నీళ్ళు కుమ్మరించుకుని లోపలికి పోయాడు. మీ అమ్మ ఎంత మురిసిపోయిందో! అవ్వ చేత కాళ్ళు కడిగించుకోవడానికి పిల్లాడికి మనసొప్పలేదని అందరికీ చెప్పుకుంది.

అందరూ తిని వెళ్ళాక సాయంత్రం పెరట్లో గిన్నెలు తోముతుంటే వాడు నా వెనక వచ్చి నిలబడ్డాడు. మాతా అనలేదు.

"అవ్వా, ఎవురన్నా మధ్యలో మాల తీసేస్తే ఏమవుతాది?"

"ఎందుకు తీస్తారు?" అన్నాను తోముతూనే.

"తప్పు చేస్తే."

చూడు, పిల్లాడు నా దగ్గరకొచ్చి తలుపు తట్టాడు. నేను చెయ్యాల్సిందల్లా గిన్నె పక్కన పెట్టి, "దా, కూర్చో, ఏం జరిగింది?" అనడమే. నేనేమన్నానో తెలుసా? అచ్చం అక్షరం పొల్లుపోకుండా రాయి. "అందరూ కొండకు పోతా ఉంటే నువ్వొక్కడివే మాల తీసి కూర్చుంటే పాలెమంతా నవ్వదా? మీ నాయన ఆ బోటు మీద తలెత్తుకోని పని చెయ్యాలా వద్దా? ఏముందో అది కొండ మీద సామికి చెప్పుకో. నోరు మూసుకోని అందరితో పాటు పోయిరా."

నూడుల్స్ బండి దగ్గర వాళ్ళు అన్న మాటకూ నా మాటకూ తేడా ఉందా? వాళ్ళు మాలో ఒకడివి కమ్మన్నారు. నేనూ అదే అన్నాను, గిన్నెలు తోముతూ.

"సరే" అన్నాడు. వెళ్ళిపోయాడు. ఆ తర్వాత వాడు నాతో సరిగా మాట్లాడలేదు. అన్నం తగ్గించాడు. స్నానాలు మాత్రం ఎక్కువ చేసేవాడు. మీ అమ్మ దాన్నీ భక్తి అనుకుంది.

ఇరుముడి కట్టే రోజు వచ్చింది. సన్నిధానం ముందు షామియానా వేశారు. బస్సు వచ్చి ఆగింది, కొబ్బరి మట్టలు, పూలు కట్టి ఉన్నాయి. ఇరుముడి అంటే నీకు తెలుసు కదా, నెయ్యి పోసిన కొబ్బరికాయ ఒక పక్క, బియ్యం ఒక పక్క పెట్టి మూట కట్టి నెత్తిన పెడతారు. ఆ బియ్యం ఇంట్లోవాళ్ళు తలా ఇంత పోస్తారు. పిల్లాడు క్షేమంగా పోయి రావాలని మొక్కుకుని పోస్తారు. నేను ఇంటి నుంచి పసుపు కలిపిన బియ్యం తెచ్చుకుని గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. మీ అమ్మ, నాన్న నా వెనక.

ఓనరు కొడుకు ముడి కట్టడం అయింది. జనం శరణాలు చెప్పారు. తర్వాత మీ అన్న వంతు. వాడు వచ్చి గురుస్వామి ముందు కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు.

"కూర్చోండి సామీ" అన్నాడు గురుస్వామి.

"నా మాల తీసేయండి సామీ."

శరణాలు ఆగిపోయాయి.

"ఏమైంది?"

"తప్పు చేసినా. మాంసం తిన్నా."

మీ అమ్మ కూలబడింది. కోపం మనిషి కాదు గురుస్వామి. మెల్లగా అడిగాడు. "ఎవురితో తిన్నారు?"

మీ అన్న పక్కకి చూడలేదు. చూసి ఉంటే అందరికీ తెలిసిపోయేది. వాళ్ళంతా వరసలో తలలు వంచుకుని కూర్చున్నారు. ఓనరు కొడుకు నెత్తిన ఇరుముడి ఉంది.

"నేనొక్కణ్ణే" అన్నాడు.

ఇక లేచింది చూడు గోల! "కన్నెసామి అయ్యుండి ఎంత తెగువ!" అని ఒకరు. "చేపల కొంపలో పుట్టి నోరు కట్టుకోమంటే ఎట్టా?" అని ఓనరు భార్య. వాళ్ళు అమ్ముకునేది చేపలు కాదన్నట్టు! మీ నాన్న తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని వెనక్కి పోయాడు. ఆటోలోని ఇద్దరు ఆడవాళ్ళూ నా వైపే చూస్తున్నారు. నేను నోరు తెరిస్తే ఒక్క మాట చాలు. 'వాడొక్కడే కాదు, నేను చూశాను.' ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి?

నేను అనలేదు.

గురుస్వామి మంత్రం చెప్పి మాల తీశాడు. "నిజం చెప్పినావు, ఇంటికి పో. వచ్చే ఏడు రా" అన్నాడు. మీ అన్న నల్ల కండువా తీసి మడిచి అక్కడ పెట్టి, జనం మధ్యలోంచి నడుచుకుంటూ పోయాడు. జనం తప్పుకుని దారిచ్చారు, తగిలితే మైల అంటుతుందన్నట్టు.

తర్వాత కూర్చున్నది వదిన మనవడు. కొబ్బరికాయ పెట్టారు. వదిన బియ్యం పోసింది. నేను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను, గుప్పిట బిగించుకుని. వదిన నా మోచెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. "నిలబడిపోయినావేంది? నీ చేతిలో బియ్యం ఉండాయి గదా, మావాడి ముడిలో పొయ్యి. అందరూ చూస్తుండారు."

పోశాను.

రాశావా? పోశాను అని రాయి. మా వాడి కోసం పసుపు కలిపి తెచ్చిన బియ్యం, మొక్కుకుని తెచ్చిన బియ్యం, ఆ పిల్లాడి ముడిలో పోశాను. వాడు తలెత్తి నన్ను చూశాడు. పాపం, పిల్లాడి ముఖం పాలిపోయి ఉంది. వాణ్ణి అనడానికేముంది? నా ముఖం ఎట్లా ఉందో వాడికే తెలియాలి.

బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. నేను ఇంటికొచ్చేసరికి మీ నాన్న ఇంట్లో లేడు. మీ అమ్మ ముసుగు పెట్టుకుని పడుకుంది. వీడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు, మామూలు చొక్కా వేసుకుని. అప్పటికే వాళ్ళ ఫోన్ గ్రూపులోంచి వాణ్ణి తీసేశారంట. బస్సు హైవే ఎక్కకముందే తీసేశారు.

ఇక మాల లేదు కదా, ఇంట్లో నీచు వండుకోవచ్చు. పిల్లాడు ఎన్నాళ్ళుగానో తినలేదని మర్నాడు మాగ చేప పులుసు పెట్టాను. ముట్టుకోలేదు. పప్పు ఉంటే పెట్టమన్నాడు. ఆ మర్నాడూ అంతే. చెప్పులు కూడా వేసుకోవట్లేదని అప్పుడు చూశాను. చీకట్లోనే లేచి చన్నీళ్ళు పోసుకుంటున్నాడు. కొండకు పోయినవాళ్ళు తిరిగొచ్చేదాకా, ఎవరికీ చెప్పకుండా, మాల లేకుండానే అన్నీ పాటించాడు. కాలేజీకి ఒక్కడే ముందొచ్చే బస్సులో పోయేవాడు.

గురుస్వామికి నేను తర్వాతైనా చెప్పానా అని అడగబోతున్నావు, నీ ముఖంలోనే కనపడుతోంది. చెప్పలేదు. వాళ్ళు తిరిగొచ్చారు, ప్రసాదం పంచారు, మనింటికీ ఇచ్చారు. రోజూ వదిన పక్కనే కూర్చుని కావలి పోతున్నాను. "మీవోడు మంచోడు మే, ఒక్కరి పేరన్నా చెప్పలేదు" అంటుంది. తలూపుతాను.

వాళ్ళు ఇంకా కొండ నుంచి రాకముందు ఒకరోజు మధ్యాహ్నం వాడికి అన్నం పెడుతున్నాను. ఇంట్లో మేమిద్దరమే. ఆగలేక అనేశాను. "నేను చూసినాన్రా. కావలిలో, బండి కాడ."

వాడు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"పట్ట కింద నీ చీర కనపడింది. నేను నీ పక్కే చూసినా గదా."

మళ్ళీ వాడే అన్నాడు, కోపం లేకుండా, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "నువ్వు పిలుస్తావనుకున్నా అవ్వా. నువ్వు ఒక్క కేకేసింటే, 'మా అవ్వ పిలుస్తా ఉందిరా' అని లేచి వచ్చేసేవాణ్ణి. వాళ్ళు కూడా ఏమీ అనుకోరు గదా, అవ్వ పిలిస్తే."

చెప్పి పళ్ళెం ముందుకు జరిపాడు. "మజ్జిగ పొయ్యి."

పోశాను. వాడు తినేంతసేపూ నేను గోడ వైపే చూస్తూ కూర్చున్నాను.